మెదడుకు అద్దం పట్టినప్పుడు

సంక్రాంతి వెళ్ళిన తరువాత వచ్చిన ఆదివారం. ఆరాధన ముగిసి అందరూ గుమ్మం దగ్గర చెప్పులు వెదుక్కుంటున్నారు. మా సంఘంలోని ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెల్లగా అడిగింది.

"వందనాలు సిస్టరమ్మగారూ. మావాడి తలకు వైర్లు అంటించి మెదడుకు ట్రైనింగ్ ఇస్తారంట. కరెంటు పెడతారాండీ? బిడ్డకేమన్నా అవుద్దా?"

ఆమె కుమారునికి పదకొండేళ్ళు. ఏడో ఏట మొదటిసారి మూర్ఛ వచ్చింది. ఆసుపత్రిలో ఇచ్చిన మాత్రలతో చాలావరకు తగ్గాయి గాని పూర్తిగా పోలేదు. రెండు మూడు నెలలకొకసారి ఉన్నట్టుండి పడిపోతాడు. పట్నంలో ఎవరో చెప్పారట: "నలభై సిట్టింగులు చేయిస్తే మెదడు తనంతట తానే అదుపులోకి వస్తుంది, ఇక మాత్రలు మానెయ్యొచ్చు" అని. సిట్టింగుకు ఎనిమిది వందలు. బస్సు చార్జీలు, పోగొట్టుకునే కూలి వేరే లెక్క. చూడి గేదెను అమ్మేద్దామని ఆమె భర్త అప్పటికే బేరగాణ్ణి పిలిచి చూపించాడు కూడా.

"గేదెను అమ్మొద్దమ్మా. మాత్రలు అసలే మానొద్దు. రెండు వారాలు ఆగు, చదివి చెబుతాను" అన్నాను.

నేను ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసి ఇంటికి చేరినదాన్ని. ఈ శిక్షణ పేరు న్యూరోఫీడ్‌బ్యాక్ అని విన్నానే గాని దాని లోతు నాకూ తెలియదు. అందుకని పుస్తకాలు తెప్పించుకుని చదివాను, పాత పరిచయమున్న వైద్యులను అడిగాను. ఆమెకు చెప్పిన సంగతులనే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. ఎందుకంటే ప్రియ పాఠకులారా, ఆ తరువాత ఇదే ప్రశ్న మరి ఇద్దరు తల్లులు నన్ను అడిగారు. ఒకరి బిడ్డకు మూర్ఛ. మరొకరి బిడ్డ బడిలో ఒక్కచోట కుదురుగా కూర్చోడు.

ముందుగా ఆ కరెంటు భయం తీర్చాలి. ఈ శిక్షణలో తలలోనికి కరెంటు పంపరు. తలలో నుండి వచ్చేదాన్ని వింటారు, అంతే. డాక్టరుగారు గుండె మీద స్టెతస్కోపు పెట్టి విన్నట్టు.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది సన్నని విద్యుత్తుతోనే. దేవుడు మనిషిని చేసినప్పటి నుండి ఆ విద్యుత్తు ఉన్నదే. దాన్ని తల మీద నుండి మొదట పట్టుకున్నది జర్మనీ దేశంలో జేనా పట్టణపు వైద్యుడు హన్స్ బెర్గర్. ఆయన కథ విచిత్రమైనది. యువకునిగా సైన్యంలో ఉండగా ఒకనాడు గుర్రం మీద నుండి పడి, ఫిరంగి బండి చక్రాల కింద నలిగిపోవలసినవాడు వెంట్రుకవాసిలో బ్రతికాడు. అదే రోజు సాయంత్రం తండ్రి నుండి క్షేమమేనా అని టెలిగ్రాం వచ్చింది. దూరాన ఇంట్లో ఉన్న అక్కకు తమ్ముడికేదో అపాయం జరిగినట్టు తోచి, పట్టుబట్టి పంపించిందట. ఒకరి మనసు నుండి మరొకరి మనసుకు ఏదో శక్తి వెళుతుందని బెర్గర్ నమ్మి, దాన్ని వెదకడానికే వైద్యం చదివాడు. ఆ శక్తి ఆయనకు దొరకలేదు. తండ్రి గాడిదలను వెదకబోయిన సౌలుకు రాజ్యం దొరికినట్టు, బెర్గర్‌కు మాత్రం మెదడు తరంగాలు దొరికాయి.

1924లో ఒక పదిహేడేళ్ళ కుర్రవాని తల నుండి ఆయన మొదటి గీతను తీయగలిగాడు. తన కన్నులను తానే నమ్మలేక అయిదేళ్ళు గుట్టుగా మళ్ళీ మళ్ళీ పరీక్షించి, 1929లో లోకానికి చెప్పాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1934లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు అదే పరీక్ష చేసి నిజమేనని చూపిన తరువాతనే ఆయన మాటకు విలువ వచ్చింది. ఆ పరీక్షనే మనం ఇ.ఇ.జి. అంటున్నాం. తలకు నూనె పెట్టుకోకుండా శుభ్రంగా తలంటుకుని రమ్మని చెప్పేది అందుకే, నూనె ఉంటే ఆ బిళ్ళలు చర్మానికి సరిగా అంటవు. మా రోజుల్లో సిరా కలాలున్న పెద్ద యంత్రం ఉండేది. సెకనుకు మూడు సెంటీమీటర్ల చొప్పున కాగితం పరుగెత్తుతూ ఉంటే కలాలు గరగరమని గీతలు గీసేవి. ఒక్క రోగికి కట్టలకొద్దీ కాగితం. ఇప్పుడు అంతా కంప్యూటరు తెర మీదనే.

తల పై నుండి దొరికే ఆ విద్యుత్తు ఎంత? సుమారు 50 మైక్రోవోల్టులు. టార్చిలైటులో వేసే ఒక్క బ్యాటరీలో ఉండేదానిలో ముప్పై వేలవ వంతు. అంత చిన్నది!

మరి కోట్లకొద్దీ కణాల మాటలు ఆ గీతలో ఎలా తెలుస్తాయి? మన మందిరాన్నే తలచుకోండి. ఆరాధనకు ముందు అందరూ తలా ఒక మాట మాట్లాడుకుంటుంటే రోడ్డు మీద వెళ్ళేవానికి గుసగుస తప్ప ఏమీ అర్థం కాదు. అందరూ కలిసి ఒక కీర్తన ఎత్తుకుంటే ఊరి చివరిదాకా వినబడుతుంది. మెదడులోనూ అంతే. గాఢ నిద్రలో కణాలు నెమ్మదిగా, పెద్ద గొంతుతో కలిసి పాడతాయి, సెకనుకు నాలుగు కంటే తక్కువ తరంగాలు. మగతలో నాలుగు నుండి ఎనిమిది. కళ్ళు మూసుకుని విశ్రాంతిగా ఉంటే ఎనిమిది నుండి పన్నెండు, దీనికి ఆల్ఫా అని బెర్గరే పేరు పెట్టాడు. లెక్కలు చేస్తున్నప్పుడు, మాట్లాడుతున్నప్పుడు ఎవరి పని వారిదే గనుక గీత చిన్నదై వేగంగా వణుకుతుంది. మూర్ఛ వచ్చినప్పుడు జరిగేదేమంటే, ఆపేవాడు లేకుండా సంఘమంతా ఒక్కసారిగా ఒకే కేక పెట్టినట్టు, కణాలన్నీ ఒక్కటై హద్దు మీరి విద్యుత్తును వెదజల్లుతాయి. దయ్యమూ కాదు, గాలీ కాదు.

ఇంతవరకు మెదడును వినడమే. విన్నదాన్ని తిరిగి ఆ మనిషికే వినిపిస్తే ఏమవుతుంది? ఈ ఆలోచన వచ్చినవాడు అమెరికాలో చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జో కామియా. ఆయన ఒక విద్యార్థిని కళ్ళు మూసుకుని కూర్చోబెట్టి, అప్పుడప్పుడూ గంట కొట్టి, "ఇప్పుడు నీ మెదడులో ఆల్ఫా తరంగం ఉన్నదా లేదా, ఊహించి చెప్పు" అని అడిగేవాడు. చెప్పిన వెంటనే అవును సరిగ్గా చెప్పావనో, తప్పనో తెలియజేసేవాడు. మొదటి రోజు సగానికి సగం తప్పులు. బొమ్మా బొరుసూ వేసినట్టే. నాలుగో రోజుకు దాదాపు ప్రతిసారీ సరిగ్గా చెప్పేశాడు! ఎలా తెలుస్తున్నదంటే మాత్రం మాటల్లో చెప్పలేకపోయాడు. తరువాత కొందరు ఆ తరంగాన్ని కోరినప్పుడు పెంచడం, తగ్గించడం కూడా నేర్చుకున్నారు.

సైకిలు నేర్చుకున్నవారికి ఈ సంగతి సులభంగా అర్థమవుతుంది. సైకిలు ఎలా నిలుస్తుందో పిల్లవానికి ఎవరమూ వివరించి చెప్పలేం. ఒక పక్కకు ఒరిగిన క్షణంలోనే ఒళ్ళు అది గ్రహించి సర్దుకుంటుంది. ఒరిగిన సంగతి అరగంట తరువాత తెలిస్తే ఎవరూ సైకిలు నేర్చుకోలేరు. మన చెయ్యి ఎక్కడున్నదో మనకు కనబడుతుంది, మన గొంతు మనకు వినబడుతుంది. మెదడు ఏ తీరులో ఉన్నదో తెలుసుకునే దారి మాత్రం మనకు లేదు. ఆ దారిని యంత్రం చూపిస్తుంది. న్యూరోఫీడ్‌బ్యాక్ అంటే ఇంతే. మెదడుకు దాని ముఖమే అద్దంలో చూపించడం, తీరు బాగున్న క్షణంలోనే బాగుందని చెప్పడం.

ఇక పిల్లుల కథ. ఇది చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు.

1960ల నడుమ కాలిఫోర్నియాలోని సెపుల్వెడాలో, మాజీ సైనికుల ఆసుపత్రికి చెందిన పరిశోధనశాలలో బారీ స్టెర్మన్ అనే శాస్త్రజ్ఞుడు నిద్రను గురించి పిల్లుల మీద పరిశీలన చేస్తున్నాడు. మీట నొక్కితే ఆహారం వచ్చేలా పిల్లులకు నేర్పాడు. తరువాత ఒక శబ్దం వినిపించి, అది ఆగేవరకు నొక్కకూడదని నేర్పాడు. ఆ ఆగవలసిన వేళలో పిల్లులు కన్నం దగ్గర ఎలుక కోసం కాచుకున్నట్టు చెవులు నిక్కించి, కదలకుండా, నిద్రపోకుండా కూర్చునేవి. అలా కూర్చున్నప్పుడు వాటి మెదడులో కదలికలకు సంబంధించిన భాగంలో సెకనుకు సుమారు పన్నెండు నుండి పదిహేను తరంగాలుండే ఒక ప్రత్యేకమైన లయ కనబడింది. ఒళ్ళు కదలకుండా, మనసు మేలుకొని ఉన్న స్థితి అది. అప్పుడాయన మీటను తీసేసి, ఆ లయ కనబడినప్పుడల్లా పిల్లికి కాస్త పాలు, కోడిమాంసపు రసం అందేలా ఏర్పాటు చేశాడు. పిల్లులు పాల కోసం ఆ లయను కావాలని తెచ్చుకోవడం నేర్చుకున్నాయి. వాటికి నిద్ర కూడా మెరుగైంది.

అసలు విశేషం ఆ తరువాత జరిగింది. రాకెట్లలో వాడే ఒక ఇంధనపు ఆవిరి పీల్చినవారికి మూర్ఛలు వస్తున్నాయని, దాని సంగతి తేల్చమని అమెరికా వైమానిక దళం స్టెర్మన్‌ను కోరింది. ఆయన ఆ రసాయనాన్ని పిల్లులకు ఎక్కించి చూశాడు. (జీవకారుణ్యం ఉన్నవారికి ఇది చదవడం కష్టమే. నాకూ కష్టమే అనిపించింది.) చాలా పిల్లులకు ఇంచుమించు గంటలో మూర్ఛలు వచ్చాయి. కొన్నింటికి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి, మరికొన్నింటికి అసలు రానేలేదు. ఎందుకో మొదట అంతుబట్టలేదు. చిట్టా తిరగేసి చూస్తే, అవి లోగడ పాల కోసం ఆ లయను నేర్చుకున్న పిల్లులే!

ఈ కథలో నాకు అన్నిటికంటే బలంగా తోచిన మాట ఒకటుంది. మనిషికి ఏ చికిత్స చేసినా "ఇది నాకు మేలు చేస్తుంది" అనే ఆశ సగం పని చేస్తుంది. ఉత్త చక్కెర బిళ్ళ ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గడం నేను కళ్ళారా చూశాను. పిల్లికి ఆ ఆశ ఉండదు. తనకు శిక్షణ ఇస్తున్నారని గాని, అది మూర్ఛలకని గాని దానికి తెలియదు. కాబట్టి దాని మెదడులో నిజంగానే ఏదో మారింది.

స్టెర్మన్ 1971లో ఒక ఇరవై మూడేళ్ళ యువతికి ఈ శిక్షణ మొదలుపెట్టాడు. ఎనిమిదో ఏట నుండి ఆమెకు మూర్ఛలు. ఆమె ముందు రెండు దీపాలు, ఒకటి పచ్చది, ఒకటి ఎర్రది. లయ వచ్చినప్పుడు పచ్చదీపం వెలుగుతుంది. ఎర్రదాన్ని ఆర్పి పచ్చదాన్ని వెలిగించి ఉంచడమే ఆమె పని. వారానికి రెండుసార్లు. కొన్ని నెలలలో ఆమె మూర్ఛలు బాగా తగ్గిపోయాయి. ఈ సంగతి 1972లో వైద్య పత్రికలో వచ్చింది. తరువాత ఆమెకు కారు నడిపే లైసెన్సు కూడా ఇచ్చారు. మూర్ఛరోగికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వడమంటే ఎంత సంగతో ఆ జబ్బున్న ఇంటివారికి తెలుస్తుంది.

ఇప్పుడు ఈ శిక్షణ ఎలా ఉంటుందంటే, రెండు మూడు బిళ్ళలను పేస్టుతో తలకు, చెవులకు అంటిస్తారు. ముందు కంప్యూటరు తెర. తెర మీద పడవో, కారో, విమానమో ఉంటుంది. మెదడు తరంగాలు కోరిన తీరులో ఉంటే అది ముందుకు కదులుతుంది, లేకుంటే ఆగిపోతుంది. చేతులతో చేసే పనేమీ లేదు. అరగంట, ముప్పావు గంట కూర్చోవాలి. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం ఇరవై నుండి నలభై సార్లు. నొప్పి లేదు. ఒక చిక్కు మాత్రం ఉంది. పళ్ళు బిగించినా, కనురెప్పలు కొట్టినా, నుదురు ముడిచినా ఆ కండరాల నుండి వచ్చే విద్యుత్తు మెదడుదాని కంటే ఎన్నో రెట్లు పెద్దది. చేయించేవానికి దాన్ని వేరుచేసి చూడడం రాకపోతే, నలభై రోజులు డబ్బు కట్టి బిడ్డ నేర్చుకునేది దవడ బిగించడమే!

మెదడు తన్ను తాను ఇలా దిద్దుకోగలదా అని ఇంకా అనుమానమున్నవారికి మరొక సంగతి చెబుతాను. కండరాలను నడిపించే నరాలు క్రమంగా చచ్చిపోయే జబ్బు ఒకటుంది. రోగికి తెలివి చెక్కుచెదరదు, కాని చెయ్యి ఎత్తలేడు, మాట్లాడలేడు, చివరకు ఊపిరి కూడా యంత్రమే పోయాలి. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో నీల్స్ బిర్బౌమర్, ఆయన తోటివారు అలాంటి రోగులకు తమ మెదడులోని ఒక నెమ్మదైన విద్యుత్తు హెచ్చుతగ్గులను అదుపు చేయడం నేర్పారు. తెర మీద అక్షరాలను రెండు గుంపులుగా చూపుతారు. కావలసిన అక్షరం ఉన్న గుంపును రోగి మెదడుతోనే ఎన్నుకోవాలి. దాన్ని మళ్ళీ రెండు చేస్తారు, మళ్ళీ ఎన్నుకోవాలి. అలా ఒక్క అక్షరం దాకా. ఎంతో సమయం పట్టేది, నెలల తరబడి అభ్యాసం కావాలి. అయినా నోరులేని ఆ రోగులు ఉత్తరాలు వ్రాశారు. 1999లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. ఉత్త ఆశతో ఎవరూ ఉత్తరం వ్రాయలేరు గదా.

ఇంతవరకు చదివినవారు "అయితే ఆ తల్లిని గేదెను అమ్మి చేయించమనే చెప్పి ఉంటారు" అనుకోవచ్చు. అలా చెప్పలేదు. మెదడు నేర్చుకోగలదు అన్నది ఒక మాట. ఆ నేర్పుతో ఫలానా జబ్బు నయమవుతుంది అన్నది వేరే మాట. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది నిజం కాదు. ఈ రెండిటినీ కలిపేసి చెప్పేవారి దగ్గరనే మన డబ్బు పోతుంది.

1970లలో అమెరికాలో ఆల్ఫా తరంగాల పిచ్చి పట్టింది. యంత్రం కొనుక్కుంటే ఇంట్లో కూర్చునే మనశ్శాంతి, జ్ఞానోదయం అని అమ్మేవారు బయలుదేరారు. దానితో నిజమైన పరిశోధకుల మాట కూడా ఎవరూ వినకుండా పోయారు. ఆ తరువాత చాలాకాలం శ్రద్ధగా సాగింది కుదురులేని పిల్లల మీద చేసిన పని. వైద్యులు దాన్ని ఎ.డి.హెచ్.డి. అంటారు. టెనెసీ విశ్వవిద్యాలయంలో జోయెల్ లూబర్ 1970ల నడుమ మొదలుపెట్టాడు. చేయించిన తల్లిదండ్రులలో చాలామంది మా బిడ్డ మెరుగయ్యాడనే చెప్పారు.

నిజం తేల్చడానికి అమెరికాలో ఒక పెద్ద పరీక్ష పెట్టారు. దాని ఫలితం 2020లో బయటికి వచ్చింది. ఏడు నుండి పదేళ్ళ పిల్లలు 144 మంది. కొందరికి నిజమైన శిక్షణ. మిగతావారికి అవే బిళ్ళలు, అదే తెర, అదే ఆట, కాని తెర మీద బొమ్మ కదిలేది ఆ బిడ్డ మెదడును బట్టి కాదు, లోగడ వేరొక బిడ్డ నుండి తీసిపెట్టుకున్న తరంగాలను బట్టి. ఎవరిది ఏదో పిల్లలకూ తెలియదు, తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ, శిక్షణ ఇచ్చేవారికీ తెలియదు. ముప్పై ఎనిమిది సార్లు ఇచ్చి చూస్తే, నిజమైన శిక్షణ పొందినవారు బాగా మెరుగయ్యారు. నకలు శిక్షణ పొందినవారు కూడా అంతే మెరుగయ్యారు!

ఈ మాట నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఆ పిల్లలు మెరుగవడం అబద్ధం కాదు. వారానికి మూడుసార్లు ఒక పెద్దమనిషి పక్కన కూర్చుని, అరగంటకు పైగా ఒకే పని మీద ధ్యాస పెట్టించి, బాగా చేశావని మెచ్చుకుంటే, ఇంట్లోవారు కూడా బిడ్డ మీద ఆశ పెట్టుకుంటే, మేలు జరగడంలో వింతేముంది? ఆ మేలుకు తల మీది వైర్లు కారణమా కాదా అన్నదే ప్రశ్న. 2024లో ముప్పై ఎనిమిది పరీక్షలను, వాటిలోని 2,472 మంది వివరాలను కలిపి చూశారు. ఎవరికి ఏ చికిత్స జరిగిందో తెలియనివారు కొలిచిన చోట, ఎ.డి.హెచ్.డి. లక్షణాలు తగ్గడంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు.

మరి మూర్ఛ సంగతి? 2009లో అప్పటివరకు జరిగిన పది అధ్యయనాలను కలిపి లెక్కకట్టారు. మొత్తం 87 మంది రోగులు, వారిలో ఎక్కువమంది మందులకు లొంగని జబ్బువారే. 64 మందికి వారంలో వచ్చే మూర్ఛలు తగ్గాయి. తగ్గాయి అన్నారు, పోయాయి అనలేదు. ఇది తీసిపారేయవలసిన ఫలితం కాదు. కాని గమనించండి, నలభై ఏళ్ళ పనిని కలిపితే వచ్చిన రోగులు 87 మంది మాత్రమే. వారిలో చాలామంది మాత్రలు వాడుతూనే శిక్షణ తీసుకున్నారు. మాత్రలకు బదులుగా ఈ శిక్షణ చాలునని చెప్పే ఆధారం ఎక్కడా లేదు. మన దేశంలోనూ బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థలో, తలకు దెబ్బ తగిలిన రోగులకు దీన్ని ఇచ్చి పరిశోధనలు చేశారు. అక్కడ కూడా వైద్యుల పర్యవేక్షణలో, మిగతా వైద్యానికి తోడుగానే.

మాత్రల సంగతి కూడా చెప్పాలి. మూర్ఛకు ఫినోబార్బిటోన్ 1912 నుండి, ఫినిటాయిన్ 1938 నుండి వాడుకలో ఉన్నాయి. వీటి తరువాత ఇంకా మంచివి వచ్చాయి. సరైన వైద్యం సరిగ్గా అందితే నూటికి డెబ్బై మంది వరకు మూర్ఛలు లేకుండా బ్రతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఖరీదైన యంత్రమేదీ లేకుండానే. కాని ఆ మాత్రలను ఒక్కసారిగా మానేస్తే, మూర్ఛ మీద మూర్ఛ తెరిపి లేకుండా వచ్చి ప్రాణానికే ముప్పు రావచ్చు. అలా తీసుకొచ్చిన బిడ్డలను నేను చూశాను. అందరినీ తిరిగి ఇంటికి పంపలేకపోయాం. "మాత్రలు మానెయ్యొచ్చు" అని ఎవరైనా తేలికగా అంటే నాకు కోపం వచ్చేది అందుకే. మా కాపరిగారు ఆ పిల్లవాని తల మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసిన తరువాత, "ఇవాళ మాత్ర వేసుకున్నావా నాయనా?" అని తప్పకుండా అడుగుతారు.

రెండు వారాల తరువాత ఆ తల్లిని ఇంటికి పిలిచి ఇవన్నీ చెప్పాను. ఆమె అంతా విని, "అయితే ఇంక దారి లేదాండీ?" అన్నది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఊరికే పిల్లవాని దినచర్య అడిగాను. తెల్లవారక ముందే ఆమె కూలికి వెళ్ళిపోతుంది. పిల్లవాడు లేచి, ఉన్నది తిని బడికి పోతాడు. "ఉదయం మాత్ర ఎవరు ఇస్తారమ్మా?" అంటే, "వాడే వేసుకుంటాడండి" అన్నది. పిల్లవాడు తల వంచుకున్నాడు.

ఒక నోటుపుస్తకం ఇచ్చి, రోజూ మాత్ర వేసిన వేళ, పడుకున్న వేళ, లేచిన వేళ వ్రాయమన్నాను. గడచిన ఏడాదిలో ఎప్పుడెప్పుడు పడిపోయాడో గుర్తు తెచ్చుకుని అది కూడా వ్రాయమన్నాను. ఆమెకు చదువు రాదు, ఎనిమిదో తరగతి చదివే కూతురు వ్రాసింది. చూస్తే, అయిదుసార్లలో మూడుసార్లు రాత్రంతా మేలుకున్న మరునాడే వచ్చాయి. ఒకసారి క్రిస్మస్ రాత్రి, ఒకసారి సువార్త సభల వారంలో, ఒకసారి మేనమామ పెండ్లిలో. నిద్ర చాలకపోతే మూర్ఛ వస్తుందని వైద్యులందరికీ తెలుసు. మెదడు తన్ను తాను సర్దుకునేది ప్రతి రాత్రీ నిద్రలోనే గదా. మనమే దాని వేళను లాక్కున్నాం. నేను కూడా ఆ సభలలో ఆ బిడ్డ ముందు వరుసలో మేలుకుని కూర్చోవడం చూసి మెచ్చుకున్నదాన్నే.

ఆ పుస్తకం పట్టుకుని జిల్లా ఆసుపత్రికి వెళ్ళాం. నరాల డాక్టరుగారు పేజీలు తిప్పి చూసి, రోజుకు రెండుసార్లు వేసే మాత్రను మార్చి, రాత్రి ఒక్కసారి వేసేది వ్రాసి ఇచ్చారు. రాత్రి అయితే తల్లి ఇంట్లోనే ఉంటుంది, తన చేత్తో వేస్తుంది. ఆ శిక్షణ సంగతి కూడా అడిగాను. "ముందు ఈ మందులు సక్రమంగా ఒక ఏడాది వాడనివ్వండి. అప్పటికీ తగ్గకపోతే ఎక్కడికి పంపాలో, ఏది చేయించాలో నేనే చెబుతాను" అన్నారు. ఫీజు లేదు.

ఈస్టరు రాత్రి మెలకువ కూడికకు ఆ పిల్లవాడు రాలేదు. తొమ్మిది గంటలకే పడుకోబెట్టిందట. తెల్లవారి ఆరాధనకు చెల్లెలి చెయ్యి పట్టుకుని వచ్చాడు. నోటుపుస్తకంలో ఇప్పటికి పదకొండు వారాలు నిండాయి. మధ్యలో ఒక్కసారి వచ్చింది, జ్వరం తగిలిన రోజున. వచ్చే నెల మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి.

గేదె పోయిన వారం ఈనింది. పెయ్యదూడ. ఆమె గిన్నెలో జున్ను పెట్టి కొడుకు చేత మా ఇంటికి పంపించింది.